అప్పల్రాముడి ముసలితనం

కాళీపట్నం రామారావు కథ 'యజ్ఞం' 1966లో అచ్చయింది. అప్పటినుంచి దాని చుట్టూ జరిగిన చర్చలో ఎక్కువ భాగం ముగింపు గురించే. ఒక తండ్రి కన్నబిడ్డను చేజేతులా చంపుకుంటాడా? ఇది జరిగే పనేనా, రచయిత బలవంతాన తెచ్చిపెట్టిన దారుణమా? ప్రశ్న న్యాయమైనదే. కాని చర్చంతా సీతారాముడి మీదే నిలిచిపోవడంతో అతని తండ్రి అప్పల్రాముడు వెనకబడ్డాడు. నా మట్టుకు కథ బరువంతా ఆ ముసలివాడి మీదే ఉంది.

అతను సుందరపాలెం దళితుడు. జీవితమంతా రెక్కలు ముక్కలు చేసుకుంటే చివరికి మిగిలింది షావుకారు గోపన్న దగ్గరి పాత బాకీ. తీర్పు చెప్పవలసిన శ్రీరాములునాయుడికి ధర్మం తప్పడని పేరు. ఊరు బాగుపడిందని పెద్దల నమ్మకం. బాగుపడ్డ ఊళ్లో కష్టపడ్డవాడే అప్పులపాలెందుకయ్యాడన్నది ముసలివాడి సందేహం. పంచాయితీలో దానికి జవాబు దొరకదు. దొరికేది తీర్పు.

మన కథల్లో ముసలి కూలివాడు సాధారణంగా జాలికి పాత్రుడు. అప్పల్రాముడు జాలి అడగడు, తర్కిస్తాడు. తర్కించి, చివరకు పెద్దల మాట కాదనలేక బాకీ ఒప్పుకుంటాడు. ఒప్పుకోలు అతనిది, తీర్చవలసిన రెక్కలు కొడుకులవి, ఆ తర్వాత మనవలవి. సీతారాముడికి అర్థమైన లెక్క ఇదే. కనుక ముగింపు ఆకాశం నుంచి ఊడిపడలేదు, తండ్రి అన్న 'సరే'లోనే ఉంది. వెట్టిచాకిరీని, దాని వెనక బాకీలను రద్దుచేసిన చట్టం 1976లో వచ్చింది. అచ్చయిన నాడు కథ చదివినవారికి ఆ పాటి ఊరట కూడా లేదు.

ఆరంభంలో ఊరి వర్ణన దీర్ఘమైంది, విసుగు పుట్టవచ్చు. దాటవేయకండి, ఆ అభివృద్ధి ఎవరిదో తెలియకపోతే పంచాయితీ అర్థం కాదు.

భాష సంగతి. బరంపురం, పర్లాకిమిడి విద్యార్థులకు ఈ పలుకుబడి ఇంటిమాటే. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అటూ ఇటూ ఒకే మద్రాసు రాజధానిలో ఉన్న సీమ. హోసూరు, మదురై, బెంగుళూరు వారికి మొదట తడబాటు తప్పదు. అప్పల్రాముడి మాటలు పైకి చదువుకోండి. తెలియని పదం దగ్గర ఆగకుండా రెండు పేజీలు పోనిస్తే చెవి అలవాటు పడుతుంది.