ఒక్క క్లాసు మార్చే నేర్పు
కోహీర్ జామపండ్లను అందరూ మెచ్చుకుంటారు. అక్కడి నుంచి హైదరాబాదు వచ్చి జావా రాసే కుర్రాళ్ల పనితనం ఎవరికీ కనబడదు. ఉదాహరణకు, నాలుగైదు అప్లికేషన్లు పంచుకునే లైబ్రరీలో ఒక క్లాసు తేడా చేసిందనుకోండి. పని తెలిసినవాడు ఆ లైబ్రరీ జార్ ఫైలు జోలికి పోడు. అదే ప్యాకేజీలో అదే పేరుతో సొంత క్లాసు రాసి, తన అప్లికేషన్ వెబ్-ఇన్ఫ్‌లోని క్లాసెస్ ఫోల్డర్‌కు చేరుస్తాడు. టామ్‌క్యాట్ సర్వర్ మామూలుగా ముందు అక్కడ వెతికి, తర్వాత లిబ్ ఫోల్డర్‌లోని జార్లు, ఆపైనే సర్వర్ ఉమ్మడి లైబ్రరీలు చూస్తుంది. పక్క అప్లికేషన్లకు చీమ కుట్టినట్టైనా ఉండదు. జావా సొంత క్లాసుల దగ్గర మాత్రం ఈ పప్పులు ఉడకవు. నాకు బాగా నచ్చేది అలా మార్చిన క్లాసు ఫైలు పైన రాసిపెట్టే కామెంట్: ఏ వెర్షన్ నుంచి తెచ్చాం, ఏ లైన్లు మార్చాం. అది లేకపోతే లైబ్రరీని అప్‌గ్రేడ్ చేశాక కూడా పాత నకలే గుట్టుచప్పుడు కాకుండా నడుస్తోందని ఎవరికీ తట్టదు.