మార్కో పోలో గ్రంథంలో మోటుపల్లి అధ్యాయం

మార్కో పోలో యాత్రాగ్రంథంలో తెలుగుదేశాన్ని గూర్చిన భాగం బహు చిన్నది. అయినా రుద్రమదేవి పాలనకు ఒక విదేశీయుడు ఇచ్చిన యోగ్యతాపత్రంగా దానిని ఉదహరించి ముందుకు సాగిపోవడం మన చరిత్ర రచనలో పరిపాటి అయింది. ఆ పత్రం ఇచ్చినవాడు ఎవరు, అతడు ఏమి చూశాడు, ఏమి చూడలేదు అన్న విచారణ మాత్రం అరుదు.

ఈ గ్రంథం పుట్టుకలోనే ఇటలీ నగర రాజ్యాల చరిత్ర ఇమిడి ఉన్నది. చెప్పినవాడు వెనిస్ వర్తకుడు. వ్రాసినవాడు పీసా వాసి రుస్తికెల్లో. వ్రాసిన చోటు జెనోవా చెరసాల, సంవత్సరం 1298. మూడు నగరాలదీ ఒకే మతం, ఒకదానికొకటి దగ్గరి భాషలు. సముద్ర వ్యాపారం కోసం ఒకరి పౌరులను మరొకరు ఖైదు చేసుకొన్నవి కూడా అవే. అంతకు ముందటి ఏడు, అంటే 1297లో, వెనిస్ మహాసభ సభ్యత్వాన్ని కొన్ని కుటుంబాలకే పరిమితం చేసే మార్పు మొదలైంది. రాజు లేని రాజ్యమని ఐరోపా గ్రంథకర్తలు కొనియాడే చోట వర్తకుడే ప్రభువు. ఆ ప్రభుత్వమూ తలుపులు మూసుకొన్నది.

అటువంటి నగరం కన్నబిడ్డ మోటుపల్లిని ఎలా చూస్తాడు? రాణి భర్త మరణించి నలభై ఏళ్లయిందని, అతని మీది ప్రేమతో ఆమె న్యాయంగా ఏలుతున్నదని అతడు చెప్పాడు. రుద్రమ గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించింది. పోలో చైనా నుండి తిరుగుప్రయాణమైనది ఆ తరువాతనే. ఇది రేవులో వినిన మాట గాని, కళ్లారా చూసినది కాదు. ఇక వజ్రాల లోయలో మాంసఖండాలు విసరడం, గద్దలు వాటిని ఎత్తుకుపోవడం! ఈ కథ సిందుబాదు నావికుని కథల్లో ఉన్నదే. నాల్గవ శతాబ్దిలో సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ వేరొక రత్నాన్ని గూర్చి చెప్పినదీ ఇదే. పోలో గొప్పతనం ఇక్కడ లేదు.

సరుకు దగ్గరకు వచ్చేసరికి అతని చూపు తడబడదు. ఇక్కడి సన్నని బట్టను సాలెగూటితో పోల్చాడు. ఆ బట్ట నేసినవాడు ఎవరు, అతనికి ముట్టినదెంత అన్న ప్రశ్న అతనికి తోచలేదు. అతనొక్కడిని నిందించి లాభం లేదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనంలో ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజులు హరించే పాత ఆచారాన్ని మానుకొన్నాడు. ముప్పదింట ఒక వంతు సుంకం మాత్రమే చాలునన్నాడు. అదీ సముద్ర వర్తకునికిచ్చిన అభయమే. రాజు ఉన్నచోటా, రాజు లేని వెనిస్‌లోనూ పత్రం మీద పేరు కెక్కినవాడు ఒక్కడే.

ఆ అధ్యాయంలో మరొక మౌనం కూడా ఉన్నది. తూర్పు సరుకు వెనిస్ చేరడానికి అరబ్బు ఓడలు, ఈజిప్టులోని కారిమీ వర్తకులు, అలెగ్జాండ్రియా గిడ్డంగులు కావాలి. 1291లో అక్కా పతనమైన పిదప పోపులు ముస్లిం రాజ్యాలతో వ్యాపారాన్ని నిషేధించగా, వెనిస్ వారు చివరకు పోపు అనుమతి సంపాదించి 1345లో మళ్లీ అలెగ్జాండ్రియాకు ఓడలు పంపారు. యుద్ధం ప్రార్థనామందిరంలో, ఒడంబడిక రేవులో! ఇటలీ భాష ఈ ఋణాన్ని దాచలేకపోయింది. వెనిస్ ఓడల కర్మాగారం పేరు ‘అర్సెనాలె’, అరబ్బీ ‘దార్ అస్సినాఅ’. వర్తకుల బస ‘ఫొందాకో’, అది ‘ఫుందుఖ్’. సుంకపు కచేరీ ‘దొగానా’, అది ‘దీవాన్’. మన పల్లెల్లోని ‘దివాణం’ దానికి తోబుట్టువు. మద్రసాలో రెండేళ్లు చదివిన పిల్లవానికి వీటికి నిఘంటువు అక్కరలేదు. కాని ఆ నగరాల స్వాతంత్ర్యాన్ని వర్ణించే పుస్తకాలలో ఈ మాటల పుట్టుక అడుగు పుటలకే పరిమితమైంది.

ఆర్మూరు పాఠకునికి ఇదంతా దూరపు ముచ్చట కాదు. చైనాలోని ఫూజియన్ ప్రాంతంలో కుంకుమపువ్వును పోలిన పదార్థం ఒకటి ఉన్నదని పోలో వ్రాశాడు. వ్యాఖ్యాతలలో కొందరు దానిని పసుపన్నారు, మరి కొందరు కాదన్నారు. పసుపునకు ఇటలీ వారు వాడే ‘కుర్కుమా’ అన్న పేరు మాత్రం అరబ్బీ ‘కుర్కుమ్’ నుండి వచ్చినదే. పేరు ప్రయాణించింది, సరుకు ప్రయాణించింది. పండించినవాడు తవ్విన చోటే ఉండిపోయాడు. పసుపు బోర్డు, మద్దతు ధర కోరి 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానానికి 178 మంది రైతులు నామినేషన్లు నిలుపుకొని పోటీ చేసినప్పుడు, మొత్తం అభ్యర్థులు 185 మంది. బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. కొనేవాడు కాక పండించేవాడు తన పేరును తానే పత్రం మీదికి ఎక్కించుకొన్న సందర్భం అది. వెనిస్ మహాసభలో అటువంటి వానికి పీట లేదు.

పోలో గ్రంథాన్ని తెలుగు చేసేవారు మోటుపల్లి అధ్యాయం ప్రక్కనే గణపతిదేవుని శాసనాన్ని, చందుపట్ల శాసనాన్ని అచ్చువేయాలి. రాణి భర్తను గూర్చిన పొరపాటును మూలంలో ఉన్నట్లే ఉంచి, క్రింద సవరణ చూపాలి. వజ్రాల లోయ కథకు సిందుబాదు పేరు జోడించడానికి ఒక్క పంక్తి చాలును.