'బ్రోకెన్ ఆరో' తర్వాతి మాట

'వియ్ వర్ సోల్జర్స్' (2002) సినిమాలో మెల్ గిబ్సన్ చుట్టూ చాలా హడావుడి ఉంది. నా చూపు మాత్రం ప్రతిసారీ చెదపుట్ట చాటున రేడియో పట్టుకుని నక్కిన ఒక లెఫ్టినెంట్ దగ్గరే ఆగిపోతుంది. పేరు చార్లీ హేస్టింగ్స్. ఎయిర్ ఫోర్స్ మనిషి, ఉన్నది మాత్రం నేల మీద, కాల్బలంతో పాటు. పైన తిరిగే విమానాలకి బాంబు ఎక్కడ వెయ్యాలో చెప్పడం అతని పని.

1965 నవంబర్ 15. వియత్నాంలోని ఇయా డ్రాంగ్ లోయ, ఎక్స్‌రే అని పేరు పెట్టుకున్న ల్యాండింగ్ జోన్. లెఫ్టినెంట్ కల్నల్ హాల్ మూర్ బెటాలియన్ మీద ఉత్తర వియత్నాం సైన్యం విరుచుకుపడింది. హేస్టింగ్స్ రేడియోలో 'బ్రోకెన్ ఆరో' అన్నాడు. ఒక అమెరికన్ దళం తుడిచిపెట్టుకుపోయేలా ఉంది, ఎగరగలిగిన ప్రతి విమానమూ రావాలి అని ఆ రెండు మాటలకి అర్థం. వచ్చాయి. 7,000 అడుగుల నించి 35,000 అడుగుల దాకా, వెయ్యి అడుగులకొకటి చొప్పున, తమ వంతు కోసం గిరికీలు కొడుతూ.

అప్పుడే రెండు ఎఫ్-100 జెట్లు నేరుగా తమవాళ్ల కమాండ్ పోస్టు వైపే దూసుకొచ్చాయి. మొదటిది నాపామ్ వదిలేసింది. రెండోదాన్ని హేస్టింగ్స్ కేకలు పెట్టి ఆపగలిగాడు. జిమ్మీ నకయామా అనే సైనికుడు కాలిపోయాడు. జో గాలొవే అనే విలేఖరి అతన్ని కాళ్లు పట్టుకుని ఎత్తబోతే చర్మం చేతుల్లోకి ఊడొచ్చింది. నకయామా బతకలేదు. ఆ రోజుల్లోనే అతనికి కూతురు పుట్టింది.

మూర్ హేస్టింగ్స్‌ని తిట్టలేదు. అది మర్చిపో, విమానాల్ని మాత్రం పంపుతూనే ఉండు అన్నాడు.

నా దృష్టిలో సాహసం మొదలయ్యేది ఇక్కడే. 'బ్రోకెన్ ఆరో' అనడం కష్టమే, కానీ అప్పుడు వేరే దారేదీ లేదు. తను పిలిచిన మంట తనవాళ్ల మీదే పడ్డాక, ఆ కేకలు చెవిన పడుతుండగానే, వణక్కుండా తర్వాతి విమానానికి గురి చెప్పడం వేరే సంగతి. పొరపాటు ఎవరిదన్న విచారణకి టైం లేదు. గొంతు తడబడితే ఇంకోటీ తప్పుతుంది.

దర్శకుడు రాండల్ వాలెస్‌కి ఇది తెలుసు. నకయామా దృశ్యాన్ని దాటెయ్యకుండా, మనం కళ్లు తిప్పుకునేదాకా చూపిస్తాడు. హేస్టింగ్స్ మొహాన్నీ కాసేపు చూడనిస్తాడు. ఆ పది నిమిషాల కోసం సినిమాలో చాలా క్షమించొచ్చు. చివర్లో మాత్రం ఎక్కడా జరగని బయొనెట్ల దాడి ఒకటి కల్పించి, హెలికాప్టర్లు లేపి, విజయం చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు. ఇక నాపామ్ మళ్లీ అందమైన నారింజరంగు మంట అయిపోతుంది. (మన 'బోర్డర్'లో హంటర్ విమానాలు వచ్చినప్పుడు హాల్లో పడ్డ ఈలలు గుర్తున్నాయిగా, అదే పద్ధతి.)

మూర్, గాలొవే కలిసి 1992లో రాసిన పుస్తకం అలా వదిలిపెట్టదు. ఎక్స్‌రేలో 79 మంది అమెరికన్లు పోయారు. రెండ్రోజులకి, నవంబర్ 17న, కొద్ది దూరంలోనే ఆల్బనీ అనే చోట ఇంకో బెటాలియన్ మాటుదాడిలో చిక్కుకుని 150 మందికి పైగా చచ్చిపోయారు. గడ్డి మధ్య ఎవరు ఎక్కడున్నారో తెలీని ఆ గందరగోళంలో విమానాల మంట అక్కడా ఇరువైపులవాళ్లనీ తాకింది. సినిమాలో ఆల్బనీ ఊసే లేదు. మూర్‌కి గెలుపు దొరికాక ఆల్బనీని ఏ రీలులో పెడతారు మరి!

పుస్తకంలో ఇంకొకటుంది. రచయితలు వియత్నాం వెళ్లి, అప్పుడు ఎదుటి సైన్యాన్ని నడిపిన న్యుయెన్ హూ ఆన్‌తో కూర్చుని మాట్లాడారు. ఆ పేజీలు చదివాక హేస్టింగ్స్ గొంతు మునుపటిలా వినిపించడం లేదు నాకు. అతను ఒక్కో విమానానికి గురి చెప్పినప్పుడల్లా అటువైపూ నకయామాలు ఉన్నారు. వాళ్ల కాళ్లు పట్టుకుని ఎత్తినవాళ్ల పేర్లు ఆ పుస్తకంలో కూడా లేవు.