గ్రంథపాలకుల డిజిటల్ పోర్ట్‌ఫోలియో: లెక్కకు అందని సేవ

1. ప్రవేశిక

తెలుగు సిద్ధాంతగ్రంథాలలో కృతజ్ఞతల పుటను పరిశీలిస్తే, పర్యవేక్షకుల పేరు మొదట, గ్రంథపాలకుల ప్రస్తావన చాలావరకు చివర కనిపిస్తాయి. గ్రంథాలయ సిబ్బందికి ధన్యవాదాలు తెలిపే ఒక్క వాక్యంతో నెలల శ్రమ ముగిసిపోతుంది. నాకు కావలసిన పాత పత్రిక సంచిక వేరొక సంపుటంతో కలిసి బైండు అయి ఉందని గుర్తించి, వెదకి ఇచ్చిన గ్రంథపాలకుని వల్లనే నా పరిశోధనలో ఒక అధ్యాయం నిలబడింది. ఆయన వృత్తి వివరాలలో ఆ అన్వేషణకు స్థానం లేదు. వృత్తిపరమైన కృషిని నమోదుచేసే డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఈ లోటును ఎంతవరకు పూరించగలదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. ప్రమాణాలు - పరిమితులు

కళాశాల, విశ్వవిద్యాలయ గ్రంథపాలకుల పదోన్నతికి యూజీసీ 2018 నిబంధనలు హాజరు, సదస్సుల నిర్వహణ, కంప్యూటరీకరణ, పుస్తకాల తనిఖీ వంటి ప్రమాణాలను నిర్దేశించాయి. హాజరు 90 శాతం, ఆపైన ఉంటే ఉత్తమశ్రేణి. తనిఖీ జరిపి, పోయిన పుస్తకాలు 0.5 శాతం లోపు ఉన్నట్లు తేలితే అదీ ఉత్తమమే. ఇవి అవసరమైన ప్రమాణాలే. అయితే పరిశోధకులకు సమాచారాన్వేషణలో తోడ్పడటాన్ని విధులలో పేర్కొన్నప్పటికీ, దానిని హాజరు అంశం కిందనే చేర్చారు. అంటే, ఎన్ని రోజులు వచ్చారన్నది లెక్కకు వస్తుంది. వచ్చి పాఠకునికి ఏం చేశారన్నది రాదు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడానికి సంబంధించినది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువపై నడిపించిన నౌకా గ్రంథాలయాన్ని నేటికీ స్మరిస్తున్నాం. అందుకు కారణం పడవలోని పుస్తకాల సంఖ్య కాదు, అవి పల్లె పాఠకుల చేతికి చేరడం.

3. పోర్ట్‌ఫోలియో స్వరూపం

ప్రస్తుతం పోర్ట్‌ఫోలియో పేరిట రూపొందుతున్నవాటిలో అనేకం ధ్రువపత్రాల స్కాన్ ప్రతులు, సదస్సుల ఛాయాచిత్రాలు మాత్రమే. ఆర్కిడ్ వంటి గుర్తింపు వ్యవస్థ ప్రచురణలను ఒకచోట చూపగలదు గాని, పాఠకునికి అందిన తోడ్పాటును చూపలేదు. కాబట్టి ప్రతి నమోదులో నాలుగు అంశాలుండాలి: పాఠకుని ప్రశ్న, అన్వేషణ మార్గం, ఫలితం, ఆధారం. ఫలించని అన్వేషణనూ నమోదు చేయాలి. తరువాత వచ్చేవారికి అది దారి చూపుతుంది.

ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. పాఠకుడు ఏం చదివాడన్నది అతని సొంత విషయం. అనుమతి లేనిదే పేరు గాని, గుర్తుపట్టదగిన వివరాలు గాని చేర్చరాదు. సంస్థ ఇచ్చిన ఖాతా బదిలీతోనో, పదవీవిరమణతోనో మూతపడవచ్చు; కనుక గ్రంథపాలకుని వద్ద సొంత ప్రతి ఉండాలి.

ఇది ఆత్మస్తుతికి దారితీస్తుందని, ఉన్న పనికి మరో పని తోడవుతుందని ఆక్షేపించవచ్చు. ఆధారంతో కూడిన నమోదు ఆత్మస్తుతి కాజాలదు. నెలకు ఒక నమోదు చొప్పున రాసినా ఏడాదికి పన్నెండు అవుతాయి. అది భారం కాదు.

4. ముగింపు

పోర్ట్‌ఫోలియో విలువ దాని రూపసౌష్ఠవంలో లేదు. కొలమానాలు వదిలేసిన సేవకు సాక్ష్యంగా నిలవడంలో ఉంది. దానిని రాయడం గ్రంథపాలకుల వంతు. చదివి పరిగణించడం మూల్యాంకన సంఘాల బాధ్యత. ఏ సంచిక, ఎవరి తోడ్పాటుతో, ఎలా లభించిందో కృతజ్ఞతల పుటలో స్పష్టంగా పేర్కొనడం పరిశోధకులమైన మన ధర్మం. ఆ ఒక్క వాక్యమే వారి పోర్ట్‌ఫోలియోలో తిరుగులేని ఆధారమవుతుంది.