స్క్రూల జోలికి వెళ్లే ముందు

పాత గేర్ల సైకిలు కటకటమంటుంటే అందరి చెయ్యీ ముందు, చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే డీరైలర్ మీదున్న రెండు చిన్న స్క్రూల మీదికే పోతుంది. అవి హద్దురాళ్ల వంటివి. చైన్ లోపలికీ బయటికీ ఎంతవరకు వెళ్లొచ్చో చెబుతాయి, అంతే. మధ్య గేర్లు సరిగా పడకపోతే వాటిని తిప్పి లాభం లేదు.

నేను మొదట చూసేది హ్యాంగర్‌ని. ఫ్రేము వెనక కుడివైపు, డీరైలర్‌ని బిగించే ఆ ఉక్కు చెవి సైకిలు కుడిపక్కకు పడ్డప్పుడల్లా కాస్త లోపలికి వంగుతుంది. అప్పుడిక ఒక గేరు సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. ఆ వంపును పట్టుకోవడానికి పాత మెకానిక్కుల ఉపాయం ఒకటుంది. హ్యాంగర్ రంధ్రం వ్యాసం 10 మిల్లీమీటర్లు, మర అంతరం 1 మిల్లీమీటరు. క్విక్ రిలీజ్ ఉన్న వెనక చక్రాల ఇరుసుల్లో చాలావాటికి ఇదే మర. డీరైలర్ విప్పి, అలాంటి చక్రం ఒకటి తెచ్చి, దాని ఇరుసును హ్యాంగర్‌లోకి ఎక్కించాలి. రెండు చక్రాలూ పక్కపక్కనే నిలుస్తాయి. రిమ్ముల మధ్య దూరం పైనా కిందా, ముందూ వెనకా ఒకేలా ఉందో లేదో కొలవాలి. తేడా ఉంటే ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా వంచాలి. ఉక్కు లొంగుతుంది, అల్యూమినియం విరగొచ్చు. రెండు రిమ్ములూ సమానంగా నిలిచే ఆ క్షణమే ఈ పని మొత్తంలో నాకెంతో ఇష్టం.

ఆ తర్వాత హద్దులు. డీరైలర్ బిగించి, కేబుల్ తగిలించకుండానే చైన్‌ని చిన్న పళ్లచక్రం మీద ఉంచి ‘హెచ్’ స్క్రూ, చేత్తో పెద్దదాని మీదికి నెట్టి ‘ఎల్’ స్క్రూ సరిచేయాలి. ‘ఎల్’ వదులైతే చైన్ పుల్లల్లో పడి చక్రమే ఆగిపోతుంది.

చివరిది కేబుల్. పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కనంటే కేబుల్ వదులైందన్నమాట. బాగానే ఎక్కి, దిగడానికి మొరాయిస్తుంటే కేసింగ్‌లో తుప్పో మట్టో చేరింది. డీరైలర్ దగ్గర వంపు తిరిగే ముక్కను ముందు మార్చండి.

డీరైలరే అరిగిపోయినా బెంగ అక్కర్లేదు. జపాన్ కంపెనీ సన్‌టూర్ 1964లో ఏటవాలు అమరిక తెచ్చింది. దాంతో డీరైలర్‌లోని పై చిన్న చక్రానికీ పళ్లకూ మధ్య ఎడం ప్రతి గేరులో దాదాపు ఒకేలా ఉంటుంది. దాని పేటెంట్ 1984లో ముగిశాక మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు. అదే ఏడు షిమానో డ్యూరా ఏస్‌లో క్లిక్కుల గేర్లు తెచ్చింది. అంతకుముందరి సైకిళ్లలో ఎక్కువవాటికి క్లిక్కులుండవు. గేరు సరిగ్గా పడిందో లేదో తొక్కేవాళ్ల చెవే చెప్పాలి. అందుకే పాత లివర్ ఉన్న సైకిలుకు ఈనాటి మామూలు డీరైలర్ బిగించినా హాయిగా నడుస్తుంది.

గేర్లు పడట్లేదని మూలన పడేసిన సైకిళ్లు ఇళ్లలో ఎన్నో. ముందు హ్యాంగర్, తర్వాత హద్దులు, ఆఖరున కేబుల్. ఈ వరసలో వెళ్తే వాటిలో చాలావరకు మళ్లీ రోడ్డెక్కుతాయి. వంగిన హ్యాంగర్‌ని అలాగే వదిలేస్తే మాత్రం ఎంత ఖరీదైన డీరైలర్ కొన్నా ఆ కటకట పోదు.