వానలెక్క తెలిసినవారు

ఎలమంచిలి మండలం రోజువారీ వానలెక్కలు ఏళ్లకేళ్లవి ముందు పోస్తే కళ్లు తిరుగుతాయి. ఆర్ అనే గణాంకాల కంప్యూటర్ భాష తెలిసినవారు ‘సమ్మరీ’ అని ఒక్క ఆదేశం ఇస్తారు: కనిష్ఠం, మొదటి చతుర్థాంశం, మధ్యగతం, సగటు, మూడో చతుర్థాంశం, గరిష్ఠం వరుసగా వచ్చేస్తాయి. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. వాన లేని రోజులే ఎక్కువ కాబట్టి మధ్యగతం సున్నా దగ్గరే ఆగుతుంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి తుపాను ఒక్కటొస్తే సగటు పైకి పోతుంది. అందుకే వాళ్లు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిసిన రోజులను విడిగా తీసి మళ్లీ చూస్తారు. కొలత నమోదు కాని రోజును సున్నాగా లెక్కించరు, అదెంత నిజాయితీ! లెక్కల మీద ఇలాంటి ఓపిక కొత్తదేం కాదు: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలతో కుస్తీ పట్టారు, కంప్యూటర్ భాషలేవీ లేని రోజుల్లో.