రెల్లుగడ్డిలో నడక

నేపాల్‌లోని చిట్వాన్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి ఖడ్గమృగాన్ని చూడాలన్నదే కోరిక. నాదీ అదే. సౌరాహా దగ్గర బూరుగు మాను తొలిచి చేసిన దోనెలో రాప్తి నది దాటాం. ఒడ్డున దిగగానే ఇక్కడి థారూ తెగవాడైన మా గైడు నడక మొదలుపెట్టలేదు. చేతికర్ర నేలకు ఆనించి ముందు జాగ్రత్తలు చెప్పాడు. ఖడ్గమృగం మీదికొస్తే చెట్టెక్కాలి, చెట్టు లేకపోతే వంకరటింకరగా పరుగెత్తాలి. దానికి చూపు తక్కువ, ముక్కూ చెవీ మహా చురుకు. ఎలుగుబంటి ఎదురైతే అందరూ ఒక్కచోట చేరి గట్టిగా చప్పుడు చేయాలి.

ఆ తర్వాత ఎవరమూ నోరు మెదపలేదు. మా తలలకు మించి గడ్డి. మన గోదావరి లంకల్లో వానలు వెనకపట్టాక తెల్లగా పూసే రెల్లే. ఇక్కడ అది ఖడ్గమృగానికి ఇష్టమైన మేత. గైడు జంతువు కోసం వెతకలేదు, గడ్డినే చూస్తూ నడిచాడు. అది ఎటు వంగింది, కొస ఎక్కడ తెగింది, అడుగుజాడలో తడి ఆరిందా లేదా. ఒకచోట పేడగుట్ట చూపించాడు. ఖడ్గమృగాలు మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తాయట.

1950ల దాకా ఈ చిట్వాన్ లోయంటే మలేరియా. తరతరాలుగా ఆ జ్వరాన్ని తట్టుకున్న థారూలే ఇక్కడ నిలవగలిగారు. డీడీటీ చల్లాక కొండల మీది జనం దిగివచ్చారు, అడవి పొలాలైంది. 1960ల చివరికి ఖడ్గమృగాలు వంద దరిదాపులకు పడిపోయాయి. 1973లో జాతీయ పార్కు వచ్చింది. 2021 లెక్కలో ఇక్కడ 694. ఆ అంకె నాకెంతో సంతోషం. అయితే పార్కు కోసం థారూలు ఊళ్లు వదిలారన్నది కూడా మరిచిపోలేను. ఇప్పుడు ఏటా చలికాలంలో కొద్ది రోజులే గడ్డి కోసుకోనిస్తారు. కోసి కాల్చిన చోట లేత చిగుళ్లు వస్తాయి, జింకలు దిగుతాయి. కోయకుండా వదిలేసిన నేలను చెట్లు మెల్లగా కమ్మేస్తాయి. ఈ అడవిని కాపాడినవాటిలో థారూల కొడవలి కూడా ఉందని నా నమ్మకం. సాయంత్రం చూసిన థారూల కర్రల నాట్యం అందంగానే ఉంది, కానీ వాళ్ల గురించి నాకు ఎక్కువ చెప్పింది ఆ గడ్డే.

గడ్డిలో నడుస్తుండగా ఒకచోట గైడు చెయ్యెత్తాడు. ఆగాం. గడ్డి లోపల నమిలే చప్పుడు, ఆపైన బూడిదరంగు వీపు, అటూ ఇటూ తిరిగే చెవులు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

తిరుగు దారిలో తన ఇల్లు చూపించాడు. మట్టి గోడలు, గడ్డి కప్పు. ఒక మూల నల్లబడి కుంగింది. "ఈ చలికాలం మార్చాలి," అన్నాడు, కప్పులోంచి ఒక పరక లాగి వేళ్లతో నలుపుతూ.